మామయ్య పేపర్లు చూసుకునే వేళ

మామయ్య తన బూట్ల పాలిష్ కంపెనీని అమ్మి ఏడాది తిరక్కుండానే, కొన్న పెద్ద కంపెనీ ఆయన మీద దావా వేసింది. ఆయన రాసిచ్చిన పద్ధతిలోనే చేస్తున్నారట, మూత తీస్తే మాత్రం పాలిష్ నిండా నెర్రెలట. అసలు కిటుకు దాచి మోసం చేశాడు, బేరం రద్దు చేయాలి అని వాళ్ల గోల. ‘మెరుపు చూపించి మసి అమ్మాడు’ అని ఒక పత్రిక రాసింది. పొద్దున్నే ఆయనతో కలిసి నడిచే మిత్రులు పార్కు మార్చేశారు.

ఆయన లాయరు సొంత మేనకోడలే. చిన్నప్పుడు గోడగడియారం విప్పి, మళ్లీ బిగించలేక చీవాట్లు తిన్న మనిషి. మామయ్యను గెలిపించాలన్న పట్టుదల ఎంత ఉందో, ఆ పాలిష్ ఎందుకు పగులుతోందో తెలుసుకోవాలన్న కుతూహలం అంతకు రెండింతలుంది. నిజంగానే దాచాడేమోనన్న అనుమానం కూడా ఓ మూల పీకుతూనే ఉంది.

“ఒట్టు, ఒక్క ముక్క దాచలేదే! మైనం కరిగించు, రంగు కలుపు, మరలో తిప్పు, డబ్బాల్లో పొయ్యి. ఇంతే,” అన్నాడాయన, భోజనం చేసి లేస్తూ. “సరే, నాకు పేపర్లు చూసుకునే పనుంది.” గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మరుక్షణం అత్తయ్య పరుగున వెళ్లి, గిరగిరా తిరుగుతున్న వాషింగ్ మెషీన్ ఆపేసింది. లోపల బట్టలు సగం నురగలోనే ఉండిపోయాయి.

“అదేంటత్తయ్యా, మధ్యలో ఆపేశావు?”

“ష్! మీ మామయ్య పేపర్లు చూసుకుంటున్నారు.”

తలుపు సందులోంచి గురక వినపడింది. మేనకోడలికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఒక్కసారి ఆగిపోయింది.

“అక్కడ ఫ్యాక్టరీలో కూడా పేపర్లు చూసుకునేవాడా?”

“ఒక్క రోజు మానలేదు. ఆయన గదిని ఆనుకునే కదా పాలిష్ కలిపే మర! అది ఆపకపోతే కంటి మీద కునుకెక్కడిది? ఆయన లేచి ఊఁ అన్నాకే డబ్బాల్లో పోసేవాళ్లు.”

మేనకోడలు అప్పటికప్పుడు కెమిస్ట్రీ చదివిన స్నేహితురాలికి ఫోన్ చేసింది. మర ఆగితే మైనంలోని గాలి బుడగలు పైకి తేలి పోతాయనీ, ఆగకుండా తిప్పి పోసేస్తే బుడగలతోనే గట్టిపడి పగులుతుందనీ ఆవిడ తేల్చింది. పాత పనివాళ్లు పెద్దాయన పరువు కోసం నోరు విప్పేవారు కాదు. కొత్త యజమానులకు వాళ్లతో మాట్లాడాలన్న ఆలోచనే రాలేదు.

మామయ్య లేచి సంగతంతా వినేసరికి ఆయన ముఖం కందగడ్డలా అయిపోయింది. ఆయన పాలిష్ డబ్బా మూత మీద స్వయంగా అచ్చు వేయించుకున్న మాట ‘విశ్రాంతి ఎరగని మనిషి చేతి మెరుపు’.

“దొంగ అన్నా పడతాను గానీ సోమరి అంటే పడను!”

“దొంగ పెళ్లాం అనిపించుకోవడం నా వల్ల కాదు,” అంది అత్తయ్య, తీరిగ్గా బట్టలు పిండుతూ. “సోమరి పెళ్లాంగా అంటారా, ఇన్నేళ్లుగా ఉంటూనే ఉన్నాను.”

మామయ్య కోర్టులో తలొంచుకుని నిజం చెప్పాడు. అయితే అది చేసి చూపించండన్నారు. కోర్టు పంపిన కమిషనర్ ఎదుట, ఆ పెద్ద కంపెనీ ఫ్యాక్టరీలోనే మైనం కరిగించి, రంగు కలిపి, మర తిప్పి ఆపారు.

“ఎంతసేపు ఆపాలి?” అన్నాడు కమిషనర్.

“మామయ్య లేచేదాకానండీ. అంతకు మించి ఎవరికీ తెలీదు,” అంది మేనకోడలు.

మర పక్కనే మడతమంచం వేశారు. సూట్లు వేసుకున్న అంతమంది మధ్య నిద్ర ఎలా పడుతుంది? మామయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడే గానీ రెప్పలు అదురుతూనే ఉన్నాయి. అవతల మైనం చల్లారిపోతోంది. అది మరలోనే గడ్డకడితే ఆయన చెప్పిందంతా కట్టుకథ అయిపోతుంది.

“మనిషి మేలుకునే ఉన్నాడు, గమనించండి,” అన్నాడు అవతలి లాయరు గట్టిగా.

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. “ష్! ఆయన పేపర్లు చూసుకుంటున్నారు.”

ఆ మాట చెవిన పడగానే మామయ్య ముఖం తేటపడింది. గోడవైపు తిరిగాడు. కాసేపటికి గురక మొదలైంది. అవతలి లాయరుకి ఫోన్ వస్తే, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద బయటికి నడిచాడు.

మామయ్య తనంతట తనే లేచాడు. “ఊఁ, పొయ్యండి,” అన్నాడు అలవాటుగా.

మర్నాడు మూతలు తీస్తే ఒక్క నెర్రె లేదు. కమిషనర్ ఉండబట్టలేక కాస్త తన బూటుకే రాసి చూసుకున్నాడు. దావా కొట్టేశారు. ‘పడుకుని గెలిచిన పెద్దమనిషి’ అని అదే పత్రిక రాసింది. పార్కు మిత్రులు తిరిగొచ్చి, దుప్పటి తేలేదేమని ఏడిపించారు.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక మామయ్య లేచాడు.

“పేపర్లా మామయ్యా?”

ఆయన గుమ్మంలో ఓ క్షణం ఆగాడు. “కాదమ్మా. నిద్ర,” అన్నాడు.

తలుపు తీసే ఉంచి పడుకున్నాడు. అత్తయ్య ఎప్పటిలాగే వెళ్లి వాషింగ్ మెషీన్ ఆపింది.