వద్దన్నారని రాసిన ఇళ్ళు

యోన్‌గోక్ సందులో గిల్‌జా చనిపోయింది మధ్యాహ్నం మూడింటికి, అందరూ చూస్తుండగా.

ఆమె ఇల్లు సగం నేలలోకి దిగి ఉంటుంది. ఆ సందు నిండా అలాంటి ఇళ్ళే. మెట్లు దిగితే తలుపు, రోడ్డు ఎత్తున కిటికీ, దొంగల భయానికి కిటికీకి ఇనపఊచలు. ఆగస్టు వాన నెల రోజుల నీళ్ళను ఒక్క గంటలో కుమ్మరించింది. మెట్లమీదుగా దిగిన వరద తలుపును బయటినుంచి అదిమిపట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి దాన్ని లోపలినుంచి ఎలా తోస్తుంది? వెల్డింగ్ షాపు దోక్సు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఊచలు కోశాడు. నలుగురు పట్టుకుని గుంజారు. ఐదో ఊచ తెగేసరికి లోపల కప్పుదాకా నీళ్ళు.

ఆ గుంపు వెనక, వార్డు ఆఫీసు రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో మైకుతో యోంగ్‌రాన్ నిలబడి ఉంది. ఎత్తు ప్రదేశాలకు వెళ్ళమని జనానికి చెప్పడానికి ఆమెను పంపారు. ఆమె మైకు ఎత్తనే లేదు.

ఏప్రిల్లో ఆమె ఇదే ఇంటికి వచ్చింది. ఏటా వానలు ముదురుతున్నాయని కౌన్సిల్ అడ్డుపలకలు తెప్పించింది. వాకిలికీ కిటికీకీ బిగిస్తే నీళ్ళు కాసేపు ఆగుతాయి, మనిషి బయటపడే వ్యవధి దొరుకుతుంది. గిల్‌జా ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టి, ఎప్పుడు బిగిస్తారని అడిగింది. వచ్చే వారమే అంది యోంగ్‌రాన్. ఆ సాయంత్రమే ఇళ్ళ ఓనర్లు ఆఫీసుకు ఫోన్లు చేశారు. పలక కనబడితే ఇది మునిగే ఇల్లని ఊరందరికీ తెలిసిపోతుంది, ఒప్పుకోం అన్నారు. వాళ్ళలో ఇద్దరు కౌన్సిల్ సభ్యులే. ఓనర్ల పేరు కాగితంమీదికి రానివ్వొద్దన్నాడు పై అధికారి. ‘అద్దెకున్నవాళ్ళే వద్దన్నారు’ అని నలభైమూడు ఇళ్ళకు యోంగ్‌రాన్ తన చేత్తో రాసింది. పలకలు గోదాములో పడి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సందు జనం దోక్సు షాపు ముందు చేరారు. నష్టపరిహారం తీసుకుని ఊరుకుందామన్నారు కొందరు. మళ్ళీ వాన వస్తే ఏం చేస్తారని దోక్సు వాళ్ళమీద విరుచుకుపడ్డాడు. ఒక విద్యార్థిని భూమి వేడెక్కడం గురించి చెప్పబోతే, బట్టల ఫ్యాక్టరీలో కుట్టే మాల్‌సున్ మామ్మ మధ్యలోనే అందుకుంది.

"ఆకాశం సంగతి సరేనమ్మా. వాన అందరిమీదా పడింది. చచ్చింది కిందున్న మనిషే."

అప్పుడు యోంగ్‌రాన్ ముందుకొచ్చింది. తాను రాసిందంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఎవరో తిట్టారు. ఎవరో ఆమె మెడలోని ఆఫీసు కార్డు పట్టుకుని లాగారు. దోక్సు మాత్రం తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఇంకాస్త ముందు మొదలుపెట్టి ఉంటే అని అతనికీ లోపల తొలుస్తూనే ఉంది.

"ఏడిస్తే నీ గుండె బరువు దిగుద్ది. మా ఇళ్ళల్లో నీళ్ళు దిగవు," అంది మాల్‌సున్. "ఈ మాట మాకు కాదు, కౌన్సిల్లో చెప్పు. అక్కడ చెప్పగలవా?"

చెబుతానంది యోంగ్‌రాన్. ఆ క్షణంలో ఆమెకు తన ఉద్యోగం గుర్తొచ్చింది, మంచంపట్టిన తల్లి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

గురువారం కౌన్సిల్ కూర్చుంది. వాతావరణ మార్పును ఎదుర్కొనే ప్రణాళిక ఆ రోజే ఆమోదించాలి. అందులో అద్దాల గోడలతో ఒక అవగాహన కేంద్రం ఉంది, కౌన్సిల్ డాబామీద పూలతోట ఉంది. సందు ఇళ్ళ ఊసే లేదు. జనం గ్యాలరీ నిండి మెట్లదాకా కూర్చున్నారు. గిల్‌జా మృతికి సంతాపం చెబుతూ అధ్యక్షుడు, పలకలు ఇస్తామన్నా అద్దెవాళ్ళు తీసుకోలేదని చదివాడు.

యోంగ్‌రాన్ ఉద్యోగుల వరుసలోంచి లేచింది. "అది అబద్ధం. రాసింది నేను. రాయించింది మీరు," అంది.

మైకు ఆపేశారు. అప్పుడామె ఒక్కో ఇంటి నంబరు చెప్పింది. వినపడనివాళ్ళకోసం ముందువరుస వెనక్కి అందించింది, వెనకవాళ్ళు మెట్లమీదికి అందించారు. నలభైమూడు నంబర్లూ హాలంతా తిరిగాయి. ఓనరు ఒప్పుకున్నా మానినా పలకలు బిగించాలని, పూలతోటకు ముందు నేలలోంచి మమ్మల్ని పైకి తేవాలని, ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్ళు ఇవ్వాలని జనం నిలదీశారు. పరిశీలిస్తామన్నాడు అధ్యక్షుడు.

"మీరు పరిశీలిస్తా కూర్చోండి. మేం పోయి తెచ్చుకుంటాం," అని దోక్సు లేచాడు.

జనం గోదాము తాళం పగలగొట్టారు. పలకలను ఇద్దరిద్దరు భుజాలమీద మోసుకుని పట్టపగలు పెద్దరోడ్డు మీదుగా నడిచారు. సాయంత్రానికి సందంతా డ్రిల్లింగ్ చప్పుడు. ఓనర్లు పిలిస్తే పోలీసులు వచ్చారు. దోక్సునూ, మరో ఆరుగురినీ పట్టుకుపోయారు. మిగిలినవాళ్ళు పని ఆపలేదు. తప్పుడు రికార్డు రాసిన నేరానికి యోంగ్‌రాన్‌ను అప్పటికే ఆఫీసులోనే అరెస్టు చేశారు. రాయించిన పై అధికారి తన కుర్చీలోనే ఉన్నాడు.

మూడో రోజు మాల్‌సున్ స్టేషనుకు వచ్చింది. అద్దానికి ఇవతల కూర్చుంది.

"నిన్ను క్షమించాననుకోకు. ఆ మాట గిల్‌జా అనాలి, ఆమె లేదు," అంది. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "వాగు అవతలి వార్డువాళ్ళు నిన్న రెండొందలమంది వచ్చారు. వాళ్ళకీ పలకలు రాలేదంట. వాళ్ళు కూడా వద్దన్నారనే ఉందంట. అక్కడ ఎవరు రాశారో నీకేమన్నా తెలుసా?"

యోంగ్‌రాన్ తల దించుకుంది.

"నిరుడు అక్కడ పలకలు బిగించాలన్నప్పుడు నా పోస్టింగు అక్కడే మామ్మా. అక్కడా నేనే రాశాను."

మాల్‌సున్ ముఖం బిగుసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకుంది యోంగ్‌రాన్. మామ్మ సంచిలోంచి కాగితం తీసి, మోకాలిమీద పరుచుకుని, కలం మూత తీసింది.

"నంబర్లు చెప్పు."