తడి సున్నం మీద నీడ

పొద్దున తొమ్మిదింటికి షెడ్డులో షూటింగు దీపం పెట్టడం మొదలవుతుంది. సౌభాగ్యమ్మ వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. అదే ఆమె పని. పాశమైలారంలో మూతపడ్డ ఆ ఫ్యాక్టరీ షెడ్డులో నిజాం కాలపు దొరల గడి సెట్టింగు వేశారు, దయ్యం సినిమా కోసం. హీరోయిన్‌దీ ఆమెదీ ఒకటే ఎత్తు. హీరోయిన్ వచ్చేదాకా వెలుగు ఎక్కడ పడాలో, చీకటి ఎక్కడ ఆగాలో కెమెరామన్ వెంకటేశ్వరరావు ఈమె మీదే చూసుకుంటాడు.

గదికంతా ఒక్కటే దీపం, అదీ కిటికీ బయట. భయపెట్టేది కనబడీ కనబడనిదే అంటాడాయన. అందుకని చీకటి కుదిరేసరికి సగం పూట పోతుంది.

సోమవారం పొరపాటు జరిగింది. గోడకు పాతకాలపు రంగు రావాలని సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపి పూశారు. అది ఆరకముందే దీపం పెట్టారు. సాయంత్రం సౌభాగ్యమ్మ లేచి వచ్చింది, నీడ రాలేదు. సున్నంతో పాటే ఆరి గోడకు అంటుకుపోయింది.

గేటు దగ్గర మడమలు పట్టేశాయి, పలుపుతాడు చాలని బర్రెకు మల్లే. వాచ్‌మన్ మల్లేష్ ఆమె కాళ్ల కింద చూశాడు. "నీడ లోపలనే ఉన్నదా? ఇగ ఎట్ల పోతవ్ అక్కా," అని రిజిస్టరులో బయటికి పోయిన టైము రాయకుండా వదిలేశాడు.

మూడు రాత్రులు ఆమె గడి దొర పందిరిమంచం మీదే పడుకుంది. రేకుల అవతల ఫ్యాక్టరీల్లో షిఫ్టు షిఫ్టుకూ సైరన్ మోగేది, జనం ఇళ్లకు పోయేవాళ్లు.

గురువారం అయిదింటిలోపు ఆమె కొల్లూరులో ఉండాలి. పదిహేనేళ్లు కిరాయి గదులు మారిన మనిషికి సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. స్వయంగా రాకపోతే తాళంచెవి వేరేవాళ్లకు పోతుందన్నారు.

గోడ తడిపి చూడమని లైట్లు పెట్టే బాలప్పను అడిగింది.

"నీళ్లకు రాదక్కా. దీపంతోని అంటింది, అంతకన్న పెద్ద దీపంతోనే ఊడుతది. గా షట్టరు లేపితే ఎండొస్తది. కెమెరా సార్ లేపనియ్యడు."

ఎట్లా లేపనిస్తాడు? షాటులో హీరోయిన్ లాంతరుతో వస్తుంది. కుర్చీ ఖాళీ, గోడ మీద మాత్రం కూర్చున్న ఆడమనిషి నీడ. అంతకంటే మంచి షాటు ఆయనకెప్పుడూ దొరకలేదు. గురువారం పొద్దున్నుంచి పదకొండు సార్లు తీశాడు, తృప్తి లేదు.

నాలుగింటికి సౌభాగ్యమ్మ వెళ్లి కెమెరా పక్కన నిలబడింది.

"సార్, గా గోడ మీద నాకు ఇంకెంత పని?"

"ఇంకొక్కటమ్మా. చీకటి కొంచెం కుదరాలి."

"మీరు ఇంటికి పోయి ఎన్ని దినాలాయె?"

ఆయన వేళ్లు మడవబోయి ఆగాడు. తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అక్కడా నీడ లేదు. ఎప్పటినుంచి లేదో ఆయనకే తెలియదు.

"మీకు దీపం పెట్టుడే ఎరుక సార్," అంది నెమ్మదిగా. "ఆర్పుడు నేర్వలే."

డైరెక్టరు అరుస్తుండగానే వెంకటేశ్వరరావు వెళ్లి, షట్టరుకు కట్టిన నల్లగుడ్డ పీకి గొలుసు లాగాడు. నెల రోజులుగా బయటే ఆగిన పడమటెండ రసాయనాల వాసనతో సహా లోపలికి వచ్చింది. గోడ మీది నీడ కుర్చీలోంచి లేచి, కుచ్చిళ్లు సర్దుకుని, నేల మీదికి దిగి ఆమె మడమలకు తగులుకుంది. వెంకటేశ్వరరావు వెనకాల కూడా సన్నగా ఒకటి పడింది. షాటు పోయింది.

మల్లేష్ రిజిస్టరులో టైము రాశాడు, నాలుగూ పదిహేను. ఆ కింది వరుసలో కెమెరామన్ సంతకం. ఆయనే ఆమెను అయిదు కాకముందే కారులో దింపాడు.

ఆరింటికి కొల్లూరులో, ఏడో అంతస్తులో, సౌభాగ్యమ్మ కొత్త తాళం తీసింది. వీపు మీద ఎండ. ఆమె ఇంకా చెప్పులు విడుస్తూనే ఉంది, నీడ అప్పటికే గడప దాటి లోపలికి పోయింది.