తెల్లబట్టలు కట్టిన బజారు

కంగ్లా కోట మీద మణిపూర్ రాజు జెండా దించి తెల్లవాడు తన జెండా ఎత్తిననాడే రాజ్యం పోయింది. అదీ చాల్లేదు వాడికి! కోటకు కాపలా కాసిన సిపాయిలను తిరుగుబాటుదార్లన్నాడు. పోలో మైదానంలో ఉరికొయ్యలు పాతించి దండోరా వేయించాడు. ఇంట్లో దూరిన దొంగను అడ్డుకుంటే నేరమట. ఇదీ దొరల న్యాయం.

ఆ సిపాయిల్లో కుంజో ఒకడు. అతని అక్క చావోబి ఇంఫాల్‌లోని ఆడవాళ్ల బజారులో చేపలమ్ముతుంది. దండోరా వినగానే గంప మూసేసి లేచింది.

"తెల్లబట్టలు కట్టుకుని అందరం పోదాం పదండి. ఆడవాళ్లంతా కలిసొచ్చి అడిగితే రాజు ఉరి ఆపేవాడు కాదూ? తాతలనాటి కట్టుబాటది."

"రాజెక్కడున్నాడే పిచ్చిదానా?" పక్కన కూరగాయలమ్మే సనహన్బి కసిరింది. "మన కట్టుబాటు వీడికేం పట్టింది?"

"వాడికీ ఓ తల్లి ఉంటుంది కదక్కా!"

"ఉంటే ఇలా తగలడతాడా?"

తిడుతూనే సనహన్బి కూడా బయల్దేరింది. బజారు బజారంతా కదిలింది. మైదానం తెల్లగా నిండిపోయింది. అంతమంది మోకాళ్ల మీద పడి ఏడుస్తుంటే చావోబికి తమ్ముడు బతుకుతాడనే అనిపించింది. కుంజో ఉరికొయ్య మెట్లెక్కుతూ అక్క కోసం వెతుకుతున్నాడు.

గుర్రం మీది దొర ఏదో అన్నాడు. దుబాసీ తలెత్తలేకపోయాడు.

"అమ్మా... చూడ్డానికొచ్చినవాళ్లు వెనక్కి జరగాలంటున్నారు దొరగారు."

చూడ్డానికట! చావోబి ఏడుపు ఆపి లేచి నిలబడింది. కుంజో కాళ్లకింద పలక పడిపోయింది.

మర్నాడు దొర వంటవాడు తెల్లవాళ్ల సిపాయిలను వెంటేసుకుని బజారుకొచ్చాడు.

"చేపలియ్యి."

"అమ్మను," అంది చావోబి.

"లాక్కుంటాం."

"లాక్కోండి. రాజ్యాన్నే లాక్కున్నారు, చేపలొక లెక్కా? మా చేత అమ్మించలేరు, అంతే."

సిపాయి గంపను తన్నాడు. చేపలు బురదలో పడ్డాయి. ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతుంటే అడ్డుపడే మగవాడు లేడు. మగవాళ్లలో సగం మంది మట్టిలో, సగం మంది జైల్లో ఉన్నారు. ఇక ఇంటికి తిరిగిరానని చావోబికి తెలుసు.

వంటవాడు సనహన్బి వైపు తిరిగాడు.

"నువ్వియ్యవే ముసల్దానా, కూరలు."

సనహన్బి భుజం మీది తెల్లగుడ్డ తీసి గంప మీద కప్పింది.

"నిన్నటితో అడుక్కోవడం అయిపోయింది నాయనా. ఇక మిమ్మల్ని ఏదీ అడగం. మీకేదీ అమ్మం."

ఆమె వెనక వరసలో ఉప్పుగంప మీద మరో తెల్లగుడ్డ పడింది. ఆ వెనక బియ్యం గంప మీద ఇంకొకటి.