చిల్లుల గిన్నె

ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, అడుగుకి ఒకసారి. ఇసుకలోని లోహాన్ని పసిగట్టే మిషను పళ్ళాన్ని నేలకి బెత్తెడు ఎత్తున ఊపుకుంటూ మేకుల మావయ్య అప్పటికే పద్నాలుగు వరసలు నడిచాడు. నడిచిన చోటే మళ్ళీ నడవకుండా ప్రతి వరస చివరా మడమతో ఒక గీత గీస్తాడు. సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉంది. ఒడ్డున పొడి ఇసుక నిండా నిన్నటి ఆదివారం జనం అడుగులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఆయనకి అరవై ఏడేళ్ళు. సన్నటి మనిషి. పిక్కల దాకా మడిచిన ప్యాంటు, బొటనవేలు బయటికి చూస్తున్న గుడ్డ బూట్లు, రంగు వెలిసిన టోపీ. టోపీ మీద హెడ్‌ఫోన్లు. వాటిని ఆయన భార్య చెవిడిప్పలంటుంది. ఎడమ చేతిలో పార కర్రకి బిగించిన స్టీలు చిల్లుల గిన్నె. ఆ గిన్నె ఒకప్పుడు ఆవిడ వంటింటి గోడకి వేలాడేది. దాన్ని చెప్పకుండా పట్టుకెళ్ళి కర్రకి బిగించుకున్న సంగతి బయటపడ్డ రోజున ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"వారం రోజులు ఇల్లంతా వెతికాను కదండీ! అడిగితే తల అడ్డంగా ఊపారే!"

తోడితే ఇసుకా నీళ్ళూ జారిపోయి వస్తువొక్కటే మిగులుతుంది కాబట్టి ఇంతకంటే మంచి పనిముట్టు లోకంలో లేదని ఆయన వాదన. గోడకున్న మేకు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. గిన్నె ఎప్పటికైనా తిరిగి రావలసిందేనంటూ ఆవిడ దానికి ఇంకేమీ తగిలించనివ్వలేదు.

ఆ మేకు కూడా ఆయన చేసిందే. ముప్ఫై ఒక్కేళ్ళు మేకుల ఫ్యాక్టరీలో నాలుగో నంబరు మిషను దగ్గర నిలబడ్డాడు. నాలుగో నంబరు మేకుకి తల మీద చిన్న నొక్కు ఉంటుంది. ఎక్కడ కనిపించినా గుర్తుపట్టేస్తాడు. పడవల్లోంచి, పాకల్లోంచి ఊడిపడ్డ మేకులు ఇసుకలో దొరికినప్పుడు నొక్కుందేమో చూసి, ఉంటే జేబులో వేసుకుంటాడు. "ఇన్నేళ్ళూ లోకం మీదికి వదిలాను. ఇప్పుడు ఒక్కొక్కటే వెనక్కి ఏరుకుంటున్నాను" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి నవ్వుతాడు. మేకుల మావయ్యన్న పేరు అలా వచ్చిందే.

రిటైరైన రోజున తోటివాళ్ళు తలా కొంత వేసుకుని, పాతదే అయినా ఈ మిషను కొనిచ్చారు. దాని తెర మూడేళ్ళ కిందట ఓ అల తగిలి ఆరిపోయింది. ఆయన బాగు చేయించలేదు. తెర ఎందుకు, చెవులున్నాయిగా అన్నాడు. మిషనుకి మూడు గొంతులు. ఇనుమైతే గొణుగుతుంది. బంగారమైతే మామూలు గొంతుతో పిలుస్తుంది. వెండీ నాణేలూ అయితే సన్నగా కూస్తుంది. ఫ్యాక్టరీలో కూడా మిషను ఆగిపోయే ముందు దాని చప్పుడు మారడం అందరికంటే ముందు ఆయన చెవికే తెలిసేది. మేనేజరు సైతం వచ్చి ఆయన్నే అడిగేవాడు. జీవితంలో ఆయనకి గర్వమంటూ ఉంటే అదొక్కటే.

దొరికిన ఉంగరాలూ గొలుసులూ పోగొట్టుకున్నవాళ్ళకి ఇచ్చేస్తాడు. ఎవరివో తెలియని నాణేలు ఏడాదికొక గాజు సీసాలో వేసి కిటికీ గట్టు మీద పెడతాడు. పాత సీసాలు మెడ దాకా నిండి ఉంటాయి. ఈ రెండేళ్ళ సీసాల్లో నాణేలు అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. దానికీ ఆయన దగ్గర కారణముంది. "ఇప్పుడు చిల్లర ఎవడి జేబులో ఉంది? శనగలు కొన్నా ఫోన్లోనే కదా ఇస్తున్నారు" అంటాడు. ఎవరికీ కాదనబుద్ధి కాలేదు.

ఆ రోజు మాత్రం ఆయన నాణేల కోసం రాలేదు.

ఒడ్డు మెట్ల మీద పెద్ద సంచి పక్కన పెట్టుకుని ఈత నేర్పే అమ్మాయి కూర్చుని ఉంది. ఆరేళ్ళుగా ఈ ఒడ్డున పిల్లలకి ఈత నేర్పుతోంది. వేరే ఊళ్ళో పెద్ద ఈతకొలనులో ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి, ఈ రోజు ఒంటిగంటకి బస్సు. నిన్న సాయంత్రం పిల్లలందరూ మీదపడి వీడ్కోలు చెప్పిన సందడిలో మెడలోని ఈల తెగిపడిపోయింది. వెండి ఈల. వాళ్ళమ్మ ఇదే పని చేస్తూ బతికినన్నాళ్ళూ మెడలో వేసుకున్నది. అమ్మ గుర్తుగా ఆమె దగ్గరున్నది అదొక్కటే.

మావయ్య రెండోసారి కూడా ఆ చోటంతా ఊడ్చినట్టు చూశాడు. ఏడు మేకులూ, ఒక సీసా మూతా దొరికాయి. హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ లేదమ్మాయ్. ఉంటే ఈపాటికి నాతో చెప్పేది. నీళ్ళలో పోయుంటుంది."

"ఇంకొక్కసారి చూడండి మావయ్యా."

"చూస్తాలే. చూడ్డానికేముంది" అన్నాడు గానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. పోయినదేదో లేదని చెప్పడం ఆయనకి చేతకాని పని. పది గంటలకల్లా సముద్రం మళ్ళీ ముందుకొస్తుంది. ఆ తరవాత వెతికేదేమీ ఉండదు.

ఎనిమిదింటికి భార్య ఫ్లాస్కుతో వచ్చింది. గుండ్రటి మనిషి, పెద్ద గొంతు. వస్తూనే మొదలుపెట్టింది.

"తలుపు తీయలేదేమండీ పొద్దున! పాలమ్మాయి అరగంట కాలింగ్ బెల్లు కొట్టిందట. మీరు హాల్లోనే ఉన్నారు కదా!"

ఆ ఇంటి బెల్లు పిట్ట కూత కూస్తుంది. తలుపు తీయడానికి బద్ధకమై వినపడనట్టు నటిస్తాడని ఆవిడ గట్టి నమ్మకం. కుక్కరు కూతలు లెక్కపెట్టమన్నా అంతే. ఒక్కటీ రాలేదంటాడు. అన్నం అడుగంటుతుంది.

ఆయన టీ కప్పు అందుకుని మెట్టు మీద కూలబడ్డాడు. మిషను ఆవిడ చేతికిచ్చాడు.

"ఇసుకలో పెట్టకు. పట్టుకో."

చేతిలో ఉన్నదాన్ని ఊరికే పట్టుకోవడం ఆవిడ వల్ల కాదు. చెవిడిప్పలు తలకి తగిలించుకుని, ఆయన నడకని అనుకరిస్తూ, నడుం వంచి నాలుగడుగులు వేసింది. అమ్మాయి అంత దిగులులోనూ నవ్వింది. అయిదో అడుగులో ఆవిడ కెవ్వుమని చెవిడిప్పలు పీకేసింది.

"ఏవండీ! ఇది కూస్తోంది!"

"మేకయ్యుంటుంది."

"మేకయితే గొణుగుతుందని మీరే కదా చెప్పారు. ఇది మన బెల్లులాగా కూస్తోందండీ."

ఆయన కప్పు పక్కన పెట్టి విసుగ్గా లేచి వచ్చాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆవిడ చూపించిన చోట పళ్ళెం ఊపాడు. ఎడమకి, కుడికి. ఏమీ లేదు. మెల్లగా ఇంకోసారి ఊపాడు. ఇసుక మీద ఆయన మడమతో గీసిన గీతలు రెండు, పొద్దుటివే, ఆ చోటుకి అటూ ఇటూ ఉన్నాయి.

"ఏం లేదే. నీ చెవులే మోగుతున్నాయి."

ఆవిడ ఒక డిప్పని ఆయన చెవికే ఉంచి, రెండోదాన్ని తన చెవికి ఆనించుకుంది. ఆయన పళ్ళెం ఊపాడు. ఆవిడ ఉలిక్కిపడింది. మళ్ళీ ఊపాడు. మళ్ళీ ఉలిక్కిపడింది. ఆవిడ భుజం ఎగిరిపడటం ఆయనకి తెలిసింది గానీ తన చెవిలో సముద్రపు హోరు తప్ప మరేమీ లేదు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. బెల్లూ, కుక్కరూ, రెండేళ్ళుగా తను పడ్డ విసుగూ అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి.

ఆయన గిన్నె కర్రని ఇసుకలో దించి, కాలితో తొక్కి, పైకెత్తి కదిలించాడు. ఇసుకంతా జారిపోయింది. గిన్నె అడుగున ఒక గవ్వముక్క, తెగిన దారం, దారానికి వెండి ఈల.

అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఈలని బట్టకి తుడుచుకుని, గట్టిగా ఊపిరి పీల్చి ఊదింది. ఆమె బుగ్గలు పొంగడం ఆయనకి కనిపించింది. దూరంగా వల బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. నిద్రపోతున్న రెండు కుక్కలు దిగ్గున లేచాయి.

"ఊదమ్మా" అన్నాడాయన.

"ఊదాను కదా మావయ్యా!"

ఆయన ఇసుకలో కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చినంత పనైంది. ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు ఏ మిషను గొంతుని తన బిడ్డ గొంతులా విన్నాడో, ఆ మిషనే ఆ చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసిందన్నమాట. భార్య పక్కనే చతికిలపడింది. ఇక రేపట్నుంచి ఈయన ఈ ఒడ్డుకి రాడు, కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తాడు అనుకుంది. భయమేసింది. ఎంత సణిగినా, పొద్దున్నే ఈలపాట పాడుకుంటూ బూట్లు తొడుక్కునే ఈ మనిషంటే ఆవిడకి ప్రాణం.

ఆయన భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడనుకుని ఆవిడ చెయ్యి వేయబోయింది. చూస్తే నవ్వుతున్నాడు.

"ఏమేవ్! అయితే ఇదంతా ఫోన్ల తప్పు కాదన్నమాట!"

"ఏమిటండీ?"

"రెండేళ్ళ నాణేలు! ఒక్కటీ ఎటూ పోలేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి!" ఒడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెయ్యి చాచి చూపించాడు. "నేనే వాటి మీదుగా చక్కగా నడుచుకుంటూ వెళ్ళిపోయాను. అదీ వరసగా, గీతలు గీసుకుంటూ మరీ!"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. అమ్మాయి మధ్యమధ్య ఈల ఊదుతూ నవ్వింది. కుక్కలు కూడా వచ్చి చుట్టూ తిరిగాయి.

"పద. నువ్వు విను, నేను తవ్వుతాను" అన్నాడాయన లేస్తూ.

"నాకు వంటుందండీ."

"వంట పారిపోదు. అల వచ్చేస్తుంది."

ఆవిడ కొంగు బిగించింది. నీళ్ళు ముందుకొచ్చేలోపు పదకొండు నాణేలూ, ఒక వెండి చెవిపోగూ దొరికాయి. ప్రతిసారీ ఆవిడ "ఇక్కడ!" అని ఒడ్డంతా వినపడేలా అరిచింది. ఆ గొంతు మాత్రం ఆయనకి బ్రహ్మాండంగా వినపడింది. ఒంటిగంటకి అమ్మాయి ఎక్కిన బస్సు ఒడ్డు రోడ్డు మీదుగా వెళుతూ ఉంటే కిటికీలోంచి ఈల మోగింది. ఆవిడ మోచేత్తో పొడిచి చెప్పాక, ఆయన హుషారుగా చెయ్యి ఊపాడు. ముందు వేరే బస్సుకి ఊపి, తరవాత సరైన బస్సుకి ఊపాడు. ఆ రోజు వంట మూడింటికి అయింది. ఎవరూ సణగలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఆవిడ వినడం, ఆయన తవ్వడం. కిటికీ గట్టు చాలక నాణేల సీసాలు అలమారలోకి ఎక్కాయి. తెల్లవారగానే ముందుగా లేచి చెవిడిప్పలు మెడలో వేసుకుని "ఇంకా కాలేదా మీకు" అని వాకిట్లో నిలబడేది ఇప్పుడు ఆవిడే. జల్లు పడితే ఒకే గొడుగు కింద నిలబడి, పొద్దుటి నుంచి దొరికినవి అరచేతుల్లో పోసుకుని చూసుకునేవారు.

ఒక మంగళవారం ఇద్దరూ ఒడ్డు నుంచి వచ్చారు. ఆయన కాళ్ళు కడుక్కుని, జేబులోంచి రెండు నొక్కు మేకులు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. అన్నం వడ్డించి ఆవిడ పిలిచింది. వినపడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఆ తరవాత దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది.

సంతాపానికి వచ్చినవాళ్ళు ఆ మిషను ఎవరికైనా ఇచ్చేయమన్నారు. ఆవిడ విననట్టు ఊరుకుంది. ఆ విద్య ఆయన దగ్గరే నేర్చుకుంది. నెల తిరక్కుండానే మళ్ళీ ఒడ్డుకి వెళ్ళింది. అడుగుకి ఒకసారి పళ్ళెం ఊపింది, వరస చివర మడమతో గీత గీసింది. కూత వినపడగానే అలవాటుగా "ఇక్కడ!" అని అరిచి పక్కకి చూసింది. వంగి తనే తవ్వుకుంది. పాత నాణెం, పచ్చబడిపోయింది. ఈసారి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఎవరూ చూడటం లేదని కాదు, చూసినా ఫరవాలేదనుకుంది.

వంటింటి గోడకి ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న నొక్కు మేకుకి ఇప్పుడు గిన్నె వచ్చి చేరింది. రోజూ పొద్దున దిగి, ఎండెక్కాక తిరిగి ఎక్కుతుంది. కర్ర పొడుగు చాలా ఎక్కువ కాబట్టి కొస దాదాపు నేలకి తగులుతూ ఉంటుంది. గిన్నె చిల్లుల్లోంచి ఇంకా తడి ఇసుక రాలుతోంది.