ఏడు నీకు, ఏడు నాకు

పంపకం దగ్గర ఎస్తేరును తప్పుపట్టిన మనిషి ఆ వాడలో లేడు. లింగాల పక్కన ఆ ఊళ్లో, ఆదివారం ప్రార్థన అయ్యాక పదిమంది కలిసి మేకను కోసుకుంటే, మాంసం పోగులు పెట్టే పని ఆమెదే. బొక్క, కండ, కార్జం అన్నీ ప్రతి పోగులోనూ సమానంగా పడేవి. ఎస్తేరు చేయి ఉండగా తరాజు దేనికి అనేవారు. ఆ పేరు చూసుకుని ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, లేదని ఎందుకు అబద్ధమాడాలి!

అలాంటి ఎస్తేరుకు రెండేళ్లుగా కడుపులో మంట. అందరూ దాన్ని గ్యాస్ అన్నారు. జనానికి ఈ మాటొకటి దొరికింది! గుండె పట్టేసినా గ్యాసే, కడుపు కాలినా గ్యాసే. ఆమె యారాలు, అంటే మరిది దానియేలు భార్య రజిత, తనకూ అదే మంట అనేది. ఇద్దరూ పత్తి చేలో పక్కపక్క సాళ్లు పట్టి ఏరేవారు. సద్ది తిన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుని కడుపు పట్టుకునేవారు.

"గిదేం కడుపక్కా, పొయ్యి లెక్క మండుతది," అని రజిత నవ్వేది. నవ్వుతూనే కొంగు ముడి విప్పి ఒళ్లునొప్పుల గోలీ ఒకటి తను మింగి, ఒకటి అక్కకిచ్చేది. పొద్దంతా వంగి ఏరితే నడుములు ఊరుకుంటాయా మరి!

పండుగ వెళ్లాక ఎస్తేరుకు ఇక ఓర్చుకోవడం చేతకాలేదు. నాగర్‌కర్నూల్ దవాఖానకు పోదాం రమ్మని రజితను బతిమిలాడింది.

"అమ్మో! గొంతుల పైపు దించుతరంట గాదె. సచ్చినా రాను," అంది రజిత.

ఎస్తేరు ఒక్కతే వెళ్లింది, పైపు మింగింది. డాక్టరమ్మ శైలజ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నింపాదిగా చెప్పింది. "నీ కడుపులో పుండుందమ్మా. గ్యాస్ కాదు, కారం వల్ల వచ్చిందీ కాదు. లోపల ఒక క్రిమి కాపురం పెట్టింది. అది చావాలంటే ఈ మూడు రకాల మందులు పద్నాలుగు రోజులు, రెండు పూటలా వాడాలి. నాలుగు రోజులకే మంట తగ్గుతుంది. తగ్గింది కదా అని ఆపితే క్రిమి మొండికేస్తుంది. ఇంకోమాట. ఒళ్లునొప్పుల గోలీలు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ పుండులోంచి నెత్తురు పోతుంది, ప్రాణం మీదికొస్తుంది."

ఎస్తేరు అన్నింటికీ తలూపింది. బస్సెక్కి మందుల కవరు ఒళ్లో పెట్టుకున్నాక ఆమెకు రజితే మనసులో మెదిలింది. ఇద్దరిదీ ఒకటే మంట, ఒకటే తిండి. పైపుకు భయపడి ఆ పిల్ల ఎన్నాళ్లని మాడుతుంది? ఒకరు మింగిన పైపు ఇద్దరికి చాలదా?

ఇంటికి రాగానే గడపలోనే కూర్చుని కత్తెర తెప్పించి, మూడు రకాల పట్టీలనూ సరిగ్గా సగానికి కత్తిరించింది.

"ఏడు దినాలు నీకు, ఏడు దినాలు నాకు. గిది తినకముందు, గివి రెండు తిన్నంక. పట్టు పిల్లా."

"డాక్టరమ్మ ఏమన్నదక్కా?"

పద్నాలుగు రోజులని చెబితే రజిత సగం పుచ్చుకోదు. ఎస్తేరుకు ఆ సంగతి తెలుసు. "ఏమంటది? మింగమన్నది," అనేసింది. ఒక మాట దాచబోయి, దాంతోపాటు నొప్పుల గోలీల మాటనూ లోపలే ఉంచేసింది. కావాలని కాదు. ఆ గడియలో అది గుర్తుకే రాలేదు, అంతే.

వారం తిరిగేసరికి ఇద్దరి కడుపులూ చల్లబడ్డాయి. రజిత సంబరం ఇంతా అంతా కాదు. పచ్చిమిరపకాయ కొరుక్కుని మరీ రొట్టె తిన్నది. కడుపు ఊరుకుంది కనుక నడుముకు ఒకటి చాలదని పూటకు రెండు గోలీలు మింగసాగింది. ఎస్తేరు చూసి, "గవి నాకొద్దు, నువ్వు గూడ జర తగ్గియ్యి," అన్నది కానీ, ఎందుకో చెప్పలేదు. చెబితే పద్నాలుగు రోజుల సంగతీ బయటికొస్తుంది. బాగానే ఉంది కదా, ఎందుకులే అనుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఒకనాడు ఎండ ఎక్కే వేళకు రజిత సాలు మధ్యలో నిలబడిపోయింది. "అక్కా, కండ్లు తిరుగుతున్నయ్. రెండు దినాలసంది దొడ్డికి నల్లగ తారు లెక్క పోతున్న," అంటూనే వంగి కక్కింది. ఒడిలో ఏరుకున్న పత్తంతా ముదురు నెత్తురైంది. ఎస్తేరు పెట్టిన కేకకు చేలో ఉన్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఓ దేవా, ఓ యేసయ్యా! అంబులెన్సులో దారిపొడుగునా రజిత చేయి ఆమె చేతిలో చల్లబడుతూనే ఉంది.

అదే దవాఖాన, అదే డాక్టరమ్మ. "ఏం మందులు వాడింది?" అని అడిగితే, ఎస్తేరు ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సగం సగం తిన్నారా? అయితే ఇద్దరికీ నయం కాలేదు," అని డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది. చచ్చినా మింగనన్న పైపును ఒళ్లు తెలియని రజిత గొంతులో దించి నెత్తురు ఆపారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ఎస్తేరు గోడకు తల కొట్టుకుంది.

రెండోనాటి సాయంత్రానికి గానీ రజిత కళ్లు పూర్తిగా తెరవలేదు. మంచం పక్కన దానియేలు కూర్చున్నాడు. ఎస్తేరు ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఇన్నేళ్లలో వదిన మాటకు ఎదురు చెప్పింది లేదు.

"వదినా," అన్నాడు నేలకేసి చూస్తూ. "నొప్పుల గోలీలు ముట్టొద్దని డాక్టరమ్మ నీకు ముందే చెప్పిందంట. నువ్వు గీమెకు చెప్పినవా?"

ఎస్తేరు నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"చెప్పింది. అక్క నాకు చెప్పింది. నేనే ఇనలే."

చావు తప్పి కన్ను తెరిచిన పిల్ల తనకోసం అబద్ధమాడుతోంది! ఊరుకుంటే సరిపోతుంది. దానియేలు నమ్ముతాడు, ఇంట్లో అంతా మునుపటిలాగే ఉంటుంది. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది.

"అబద్ధం, దానియేలూ. నేను చెప్పలే. పద్నాలుగు దినాల మందని గూడ చెప్పలే. చెప్తే తీస్కోదని దాచిన."

రజిత మొహం అటు తిప్పుకుంది. నర్సు మానస రెండు కవర్లు తెచ్చి, ఈసారి మందు మార్చారని, ఎవరిది వాళ్లే పద్నాలుగు రోజులూ వాడాలని, పైన పేర్లు రాశానని చెప్పింది. ఎస్తేరు అలవాటుగా రెండూ అందుకుంది.

"ఇటియ్యి వదినా. రజితవి నేనిస్త," అన్నాడు దానియేలు.

మెల్లగానే అన్నాడు. కేకలేసినా ఆమెకు ఇంత బాధ కలిగేది కాదు. ఎస్తేరు రజిత కవరును అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాత తనదీ పెట్టింది.

"నాది గూడ నీ తాన్నే ఉంచు. నా తాన ఉంటే మల్ల ఎవరికో ఒకరికి పంచుత."

అతను కవర్లు రెండూ అటూ ఇటూ తిప్పి, మీద రాసింది కూడబలుక్కుని చదివాడు.

"గిది తినకముందంట. ఏమన్న తిన్నవా?" అన్నాడు, ఆమె మొహం చూడకుండానే.

"తినలే."

దానియేలు ఆమె కవరులోంచి ఒక గోలీ తీసి అరచేతిలో పెట్టాడు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, ఆమె మింగేదాకా అక్కడే నిలబడ్డాడు.