మూడో మూల

మూడో మూలలో గునపం దింపేసరికి చప్పుడు మారింది. గుంతలాయన చెయ్యి ఆగింది. మళ్ళీ ఎత్తి దింపాడు. గట్టినేలైతే గునపం ఖంగుమని ఎదురుతిరుగుతుంది, జబ్బ దాకా జిల్లుమంటుంది. ఇది డొల్లగా చప్పుడు చేసి మూరెడు లోపలికి జారింది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో మట్టి తోడాడు. బూడిద, పెంకులు, వాటి పక్కన వంపు తిరిగిన ఇటుకల వరస. ఎవరో ఎప్పుడో చెత్త పోసి పూడ్చేసిన పాత బావి. సరిగ్గా కట్టబోయే గది మూల కింద.

"ఓరి నీ దుంప తెగ! ఇక్కడే దొరికిందా నీకు చోటు?" అన్నాడు బావితో.

ముప్ఫై ఏళ్ళుగా పునాదులు తవ్వుతున్న ఆయన్ని పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు, అందరికీ గుంతలాయనే. గోడలు కట్టే తమ్ముడేమో అందరికీ మేస్త్రిగారు. ఇద్దరూ ఒకేరోజు పనిలో చేరారు. అప్పటి పెద్దమేస్త్రి ఇద్దరి చేతా చెరో గోడ కట్టించి, అన్న కట్టినదాన్ని చూసి, "ఇదేమిట్రా, గోడకి నడుంనొప్పా?" అని పగలబడి నవ్వాడు. తాపీ తమ్ముడికిచ్చాడు, గునపం అన్నకిచ్చాడు. ఆ నవ్వు గుంతలాయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. ఇల్లు పూర్తికాగానే ఇంటివాళ్ళు మేస్త్రిని మధ్యలో నిలబెట్టి ఫోటో దిగుతారు. గుంతలాయన పని అప్పటికి మట్టి కింద ఉంటుంది. దాన్నెవడు ఫోటో తీస్తాడు? ఏడుపంటే ఏడుపే, దాచుకోవడమెందుకు? తమ్ముణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది.

పని దగ్గర అన్నదమ్ములకి మాటలు తక్కువ. నేల బాగుంటే అన్న గునపాన్ని గట్టు మీద పడుకోబెడతాడు. తమ్ముడు వచ్చి రాళ్ళు పేరుస్తాడు. నేల మంచిది కాకపోతే అక్కడే గుచ్చి నిలబెడతాడు. నిలబడ్డ గునపం దగ్గర ఇంతవరకు ఎవరూ రాయి పెట్టలేదు.

ఇవాళ గునపాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ఒక్క వానాకాలం చాలు. ఈ మూల కుంగుతుంది, గోడ నిలువునా చీలుతుంది. అప్పుడు జనం ఎవర్నంటారు? గుంతనా? గోడ కట్టినవాణ్ణే. మేస్త్రిగారూ, ఇదేమిటండీ, గోడకి నడుంనొప్పా? ఆ మాట ఊహించుకుంటేనే ఆయన నోరు తీపెక్కింది. ఇటుకల మీదికి మట్టి లాగి, దిమ్మిసతో గట్టిగా మోదాడు. గునపాన్ని గట్టు మీద పడుకోబెట్టాడు. పొద్దుటినుంచి ఎడమ జబ్బ లాగుతూనే ఉంది. వయసు కదా అనుకున్నాడు.

మేస్త్రి, ఆ ఇంటి యజమానురాలు టైలరమ్మ కలిసి వచ్చారు. ఇరవై ఏళ్ళు వంటింట్లో పొయ్యి పక్కన మిషను పెట్టుకుని కుట్టిన మనిషి ఆమె. ఇన్నాళ్ళకి కుట్టుపనికని విడిగా గది కట్టించుకుంటోంది. మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసింది.

"ఆ మూలన కిటికీ. కిటికీ కింద నా మిషను. ఇక పొద్దస్తమానం అక్కడే కూర్చుంటా" అని మూడో మూల చూపించింది. "నేల గట్టిదేనా, మేస్త్రిగారూ?"

మేస్త్రి గట్టు మీది గునపాన్ని చూశాడు. గుంతలోకి తొంగి కూడా చూడలేదు.

"మా అన్నయ్య గునపం పడుకోబెట్టాడంటే కళ్ళు మూసుకుని కట్టెయ్యొచ్చమ్మా. నా గోడలు బాగున్నాయంటారు గానీ, అవి నిలబడేది ఈయన చలవతోనే. ఆ చెయ్యి నాకు రాలేదు. చిన్నప్పట్నుంచీ ఈయన్ని చూసి కుళ్ళుకోవడమే సరిపోయింది నాకు" అని నవ్వాడు.

గుంతలాయనకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మాట. ఇవాళే రావాలా వీడి నోటికి? నిన్న అని ఉంటే నోరు అరిగిపోయేదా? తమ్ముడి మీద మునుపెన్నడూ రానంత కోపం వచ్చింది.

"అన్నం తినేసొచ్చి రాళ్ళు పేర్చేస్తా. నువ్వూ రా అన్నయ్యా."

"నువ్వు తిను పో. నాకింకా పనుంది."

"అయిపోయిందిగా?"

"అయిపోలేదు. వెళ్ళరా అంటే!"

వాళ్ళు లోపలికెళ్ళగానే గుంతలోకి దిగాడు. తను మోదిన మట్టిని తనే తవ్వాడు. "వెధవపని, ఒకటికి రెండుసార్లు" అని గొణుక్కున్నాడు. చెమట కళ్ళలోకి కారింది. జబ్బనొప్పి మెడ దాకా పాకింది. ఇటుకల వంపు బాగా కనబడేదాకా ఆగలేదు. బావి నడిమధ్యన గునపం గుచ్చాడు. కదిలించి చూశాడు, నిలబడింది. గుంతగోడకి వీపు ఆనించి, కాస్త ఊపిరి తీసుకుందామని కూర్చున్నాడు.

భోంచేసి వచ్చిన మేస్త్రి అలవాటుగా మొదట గట్టువైపే చూశాడు. గునపం లేదు. గుంతలోకి తొంగిచూశాడు.

"ఏంటన్నయ్యా, కునుకు పట్టిందా?"

దిగి భుజం కుదిపాడు. తల పక్కకి వాలిపోయింది.

టైలరమ్మ పరుగున వచ్చింది. ఇరుగుపొరుగు వచ్చారు. పైకి తియ్యడానికి అడ్డొస్తోందని ఎవరో గునపం మీద చెయ్యి వేశారు.

"దాన్ని ముట్టుకోకండి!" అని అరిచాడు మేస్త్రి. "అక్కడ కట్టొద్దన్నాడు మా అన్నయ్య."

నలుగురూ కలిసి ఆయన్ని మోసుకుపోయారు. మూడో మూలలో గునపం ఒక్కటే నిలబడి ఉంది, పట్టుకునేచోట ఇంకా ఆరని చెమటతో.