రెండు లైన్లూ పై వాటానుంచే

"ఫోను మోగితే ఎత్తకుండా దండం పెట్టుకోమంటావా?" మెట్ల మీద నిలబడి అడిగింది వకుళ.

"ఎత్తొద్దనలేదక్కా. ఫోనునీ నెట్‌నీ విడదీసే ఆ చిన్న పెట్టె తగిలించి ఎత్తమంటా ఉండా. లైన్‌మేన్ ఇచ్చిపోయినాడు గదా. అది లేకుండా నువ్వు పైన ఎత్తితే కింద నాకు నెట్ పోతాది. పొద్దున్నుంచీ ఇదే వరస." ప్రశాంతి చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది.

"ఆ పెట్టె పెడితే నాయుడుపేట పెద్దమ్మ బావిలోనుంచి మాట్లాడినట్టు ఉండాది. తీసి పారేసినా."

"పారేసినావా?"

"పారేసినా. ఏం, దానికీ నీ పర్మిషన్ కావాలా?"

దివాన్ మీద కాళ్లు చాపుకొని అనపకాయలు ఒలుస్తున్న రుక్మిణమ్మ, కోడళ్లిద్దరి వైపూ చూడకుండానే అంది. "పోనీలే మే. కొండకొచ్చే చుట్టాలు రూమనీ దర్శనమనీ ఫోను చేసేది మనకే. ఎత్తకపోతే ఏమనుకుంటారు? నువ్వు ఆ దొర దగ్గితే కూడా టైపు చేస్తావంట. కాసేపాగి చెయ్యి, మళ్లీ దగ్గుతాడు."

వకుళ నవ్వింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న రఘునాథ్ కూడా నవ్వబోయి, భార్య ప్రశాంతి ముఖం చూసి మానుకున్నాడు. అతనికి శ్రీకాళహస్తిలో ఎరువుల కొట్టు. బస్సు తప్పిపోతుందని రోజూ ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

అన్నదమ్ములు ఆదిమూలం, రఘునాథ్ రెండేళ్ల కిందట వేరుపడ్డారు. పై వాటా పెద్దవాడికి, కింది వాటా చిన్నవాడికి. పొయ్యిలు వేరయ్యాయి, కరెంటు మీటర్లు వేరయ్యాయి. ఫోను మాత్రం ఉమ్మడిగా మిగిలింది. చనిపోయిన పెద్దాయన పెట్టించిన నంబరు అది. చిత్తూరు నుంచి నెల్లూరుదాకా బంధువులందరికీ నోటికి వచ్చు. ఇంకో నంబరు వస్తే ఇల్లు చీలిన సంగతి ఊరికి తెలుస్తుందని రుక్మిణమ్మ అడ్డం పడింది. అందుకని వీధి స్తంభం నుంచి తీగ ముందు పైకి వెళ్లి, అక్కడ ఒక ఫోనుకు తగిలి, తర్వాత కిందికి దిగేది. ఆ తర్వాత వీధిలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు దాన్నీ ఆ తీగకే ఇచ్చారు.

ప్రశాంతికి ఆ తీగే ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు రోగులను చూసి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి పంపాలి. రుక్మిణమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకునేదాకా ఆమె ఆఫీసుకే వెళ్లి వచ్చేది. ఆ తర్వాత అత్తగారిని చూసుకునేందుకు ఇంటినుంచి చేస్తానని సూపర్‌వైజర్ని బతిమాలుకుంది. గడువు దాటకుండా ఫైలు చేరితే చాలని ఒప్పుకున్నారు. ఇప్పటికి రెండు హెచ్చరికలు వచ్చాయి. ఇంకోటి వస్తే పని పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పింది. విన్నారు కూడా.

"ఆ ఫోను లైను పట్టుకోని ఏడ్చే బదులు మా సంపత్ దగ్గర తీసుకోరాదా?" వకుళ రెండు మెట్లు దిగింది. "ఈదంతా వాడి కేబుల్లోనే నెట్ పెట్టించుకుండారు. సొంతోళ్లకే వాడు పనికిరాలా."

"తీసుకుంటే సరిపోలా? అందరికీ మర్యాద," అన్నాడు రఘునాథ్, గేటు తీస్తూ.

సంపత్ వకుళ తమ్ముడు. ఆ సాయంత్రమే తీగల చుట్ట భుజాన వేసుకొని వచ్చాడు. టీవీ తీగ ఎలాగూ అక్క ఇంటికి ఉంది కాబట్టి, నెట్ పెట్టెను పై వరండాలో బిగించి, అక్కడి ప్లగ్గుకే తగిలించి, కిటికీలోంచి కిందికి తీగ దింపాడు.

"సూడక్కా స్పీడు! ఫోను లైను ఎద్దులబండి. నాది సప్తగిరి ఎక్స్‌ప్రెస్సు."

"సప్తగిరి కూడా రేణిగుంటలో ఆగుతాది గదబ్బా," అంది ప్రశాంతి.

అతనికి ఆ మాట నచ్చలేదు. "అడిగితేనే వచ్చినా. వద్దంటే పీక్కోని పోతా."

పొద్దుటిపూట బాగానే ఉండేది. బళ్లు వదిలి వీధిలో పిల్లలందరూ నెట్‌లో ఆటలకు కూర్చుంటే ఫైలు చీమలా పాకేది. ప్రశాంతి తెల్లవారకముందే లేచి, అత్తగారు నిద్రలేచేలోగా సగం పని ముగించడం నేర్చుకుంది. పది రోజులు గడిచాయి. ఈ గండం గడిచిందనే అనుకుంది.

గురువారం పదకొండింటికి, పెద్ద ఫైలు ఇంకాస్తలో వెళ్లిపోతుందనగా తెర మీద గీత కదలడం మానేసింది. కరెంటు ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ప్రశాంతి ఒక్క పరుగున పైకి వెళ్లింది.

నెట్ పెట్టె ప్లగ్గు నేలమీద పడి ఉంది. ఆ చోట ఇస్త్రీ పెట్టెది ఉంది. వకుళ కొడుకు యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

"ఇంకో ప్లగ్గు లేదా అక్కా?"

"ఉండాది. ఇది చేతికి దగ్గర."

"ఫైలు పోతా ఉండింది. దాంతోపాటు నా ఉద్యోగం పోతాది."

"పోనీ. నాది పోలేదా?" వకుళ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. "ఈ ఈదిలో జాకెట్లన్నీ నేనే కుడతాంటి. చప్పుడుకు తలనొప్పి అని మీ అత్త నా మిషను అమ్మించేసింది. నువ్వప్పుడు ఈ ఇంట్లోనే ఉండావు. నోరు తెరిచినావా? నీకొచ్చేతలికి లైన్లు, పెట్టెలు, ఎవురూ ఫోను ఎత్తగూడదు, ఇస్త్రీ చేసుకోగూడదు. నాది గుడ్డముక్క, నీది ఇంగ్లీషు. అంతే గదా?"

ప్రశాంతి వంగి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు లాగి, నెట్ పెట్టెది గుచ్చింది. వకుళ ఆమె కళ్లలోకి చూస్తూనే దాన్ని మళ్లీ లాగేసింది.

"మీటరు మాది," అంది.

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఫోను చేసింది. తిట్టలేదు, మూడో హెచ్చరికా ఇవ్వలేదు. సోమవారంలోగా నమ్మకమైన లైను చూపించమని, లేకపోతే ఇక ఫైళ్లు ఇవ్వబోమని మాత్రం చెప్పింది. ప్రశాంతి వీధి చివర కొత్తగా తీగలు లాగుతున్న ప్రైవేటు కంపెనీవాళ్ల దగ్గరికి నడిచివెళ్లింది. స్తంభం నుంచి నేరుగా తన గది కిటికీకి, మధ్యలో ఎవరి వరండా లేకుండా వస్తుందా అని అదొక్కటే అడిగింది. వస్తుందన్నారు. సోమవారం పొద్దున వస్తామన్నారు.

సోమవారం ఆమె అత్తగారి మాత్రల కోసం మెడికల్ షాపుకు వెళ్లి వచ్చేసరికి గేటు దగ్గర రుక్మిణమ్మ కర్ర ఊతంగా నిలబడి ఉంది. తుంటి విరిగాక ఆవిడ అంతదూరం నడవడం అదే మొదలు.

"లైనోళ్లు వచ్చినారా అత్తా?"

"వచ్చినారు. పొమ్మన్నా."

"ఎందుకు?"

"నిచ్చెన ఏసి తీగ లాగబోతాంటే ఎదురింటి సిద్ధమ్మ వచ్చి, 'ఏం వదినా, వేరే ఫోనా, వేరే కాపురమా' అని అడుగుతాంది. నేనేం చెప్పేది?"

"నిజం చెప్పుండాల్సింది."

"నేను బతికుండంగా ఈ ఇంటికి ఒగటే ఫోను. నీకు కావాలంటే సంపత్ లైను ఉండాది. చాలకపోతే మానుకో. నీ టైపు లేకపోతే అమెరికాలో రోగాలు కుదరవా?"

సాయంత్రం రఘునాథ్ అంతా విని, చొక్కా విప్పుతూ, "అమ్మకెట్ల ఎదురు చెప్పేది? కొన్నాళ్లు ఓర్చుకో మే," అన్నాడు.

"ఎవురు ఓర్చుకోవాల? ఫైలా, నేనా?"

అతను లుంగీ వెతుక్కున్నాడు.

మర్నాడు ప్రశాంతి ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకు వెళ్లి గంటలో తిరిగి వచ్చింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

బుధవారం మామగారి తద్దినం. ఏడాదికోసారి రెండు వంటిళ్లూ ఒకటయ్యే రోజు. వకుళ గారెలు వేసింది, ప్రశాంతి పప్పు, పాయసం చేసింది. పొయ్యి దగ్గర ఉప్పు ఇటివ్వు, నూనె అటివ్వు అన్న మాటలు తప్ప ఇద్దరి మధ్యా ఇంకేమీ నడవలేదు. మధ్యాహ్నం కింది హాల్లో అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. రుక్మిణమ్మకు మాత్రం కుర్చీ, ముందు చిన్న బల్ల. సంపత్ కూడా వచ్చాడు.

"నెట్ ఎట్టుండాదక్కా?" అన్నాడు అతను, పప్పు కలుపుకుంటూ.

ప్రశాంతి నెయ్యి గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"తీసేయబ్బా. పెట్టె, తీగ రెండూ తీసుకుపో. రేపట్నుంచి నేను ఆఫీసుకు పోతా ఉండా. ఆడ సీటు ఇచ్చినారు. వాళ్ల లైను నిలబడతాది. తొమ్మిదికి పోయి ఆరుకు వస్తా."

ఆదిమూలం ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "మరి అమ్మో?"

"రాత్రి నేను చూసుకుంటా బావా. పగలు స్నానం, మాత్రలు, బాత్రూముకు పట్టుకోని పోయేది పై వాటావాళ్లు చూసుకోవాల."

వకుళ చేతిలో గారెల పళ్లెం అలాగే ఉండిపోయింది. "నన్నడగకుండానేనా?"

"ఎవుర్నీ అడగడం లేదక్కా," అంది ప్రశాంతి. "అందరూ ఉండారని చెప్తా ఉండా."

రుక్మిణమ్మ పెద్దకొడుకు వైపు చూసింది, తర్వాత చిన్నకొడుకు వైపు. ఇద్దరూ ఆకుల్లోకి చూస్తున్నారు.